మేయరక్క తూర్పున నిలబడ్డ ఎన్నికలు

ఎన్నికకు 24 రోజులు

ఇవాళ కూడా దోసె తూర్పుకే పోయింది. పిండి పెనం నడిమధ్యే పోశాను. గరిటె తిప్పినంతసేపూ బుద్ధిగా ఉంది. గరిటె తీయగానే మెల్లగా తూర్పు అంచుకు జారుకుంది. ఒక పక్క అట్టులా మందం, ఇంకో పక్క కాగితం. పొయ్యి కింద చెక్కముక్క ఒకటి ఇదివరకే ఉంది. రెండోది దూర్చాను.

ఈ పుస్తకం దోసెల కోసం మొదలుపెట్టలేదు. నిన్న మేయరక్క పిలిపించింది. ఆమె అసలు పేరు లోవకుమారి. ఇరవై ఏళ్లుగా మా తెప్పలపేటకు ఆవిడే మేయరు, అందుకని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

"ఇదే నా ఆఖరి పోటీ వరాలూ. ప్రమాణం చేసే రోజున నా ఎన్నికల కతంతా జనానికి చదివి వినిపించాలి. నువ్వే రాసి పెట్టు. పాత ఎన్నికల లెక్కలన్నీ నీ కాడే ఉన్నాయి గదా."

"గెలవకముందే కథా?" అన్నాను.

"గెలవకపోతే ఎవరు వింటారే?" అని నవ్వింది.

సరే, రాస్తాను. అది మంచి కాగితం మీద రాస్తాను. అందులో పట్టనివి ఇక్కడ రాసుకుంటాను.

ఎన్నికకు 22 రోజులు

కథ రాయాలంటే ముందు మా ఎన్నిక ఎలా జరుగుతుందో రాయాలి. మా పిల్లలకు చెప్పనక్కర్లేదు గానీ ఎప్పుడైనా నేల మీది మనిషి ఎవరైనా చదివితే అర్థం కావద్దూ?

తెప్పలపేట నలభై తెప్పలు కలిపి కట్టిన ఊరు. నేల మునిగాక మా పెద్దలు తెప్పలెక్కిన మొదటి ఏడే పెద్ద తగువు వచ్చింది. ఇక్కడే లంగరు వేయాలని కొందరు, దక్షిణానికి పోదామని కొందరు. మాటామాటా పెరిగి, ఉందామన్నవాళ్లంతా తూర్పుకు పోయి కూర్చున్నారు, పోదామన్నవాళ్లు పడమటికి. ఊరు తూర్పుకు ఒరిగింది. బిందెలు దొర్లాయి. అది చూసి తగువు ఆగిపోయింది, లంగరు పడింది. అప్పటినుంచి మాకు ఓటంటే అదే. కాగితం లేదు, మిషను లేదు. ఎవరికి ఇష్టమైన మనిషి ఉన్న వీధికి వాళ్లు నడిచిపోవడమే.

ఊరు ఎటు ఒరిగిందో చెప్పేది గుండు. మేస్త్రీలు గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి వేలాడదీస్తారే, అలాంటి ఇత్తడి గుండే. ఊరి నడుమ చావట్లో, చెక్క బీరువాలో, పన్నెండడుగుల తాడుకు వేలాడుతుంది. కింద రాతిపలక మీద గీతలు. మొదటి ఏడు సింహాద్రి మేస్త్రి అది కట్టి, బీరువాకు తలుపేసి లక్క ముద్ర వేశాడు. ఎన్నికనాడు తప్ప తలుపు తీయకూడదు. గుండును గానీ పలకను గానీ ఎవరూ ముట్టకూడదు, సరిచేయకూడదు. సరిచేసే చెయ్యి మోసమూ చేయగలదని మా చట్టం. ఆ రోజున తలుపు తీసి, ఊగు ఆగేదాకా వంద లెక్కపెట్టి, గుండు ఎటు ఎన్ని గీతలు జరిగిందో అరిచి చెప్పడమే నా ఉద్యోగం. తలనిండా జుట్టున్నా ఊరంతా నన్ను గుండు వరాలనే అంటారు.

బరువే ఓటు కాబట్టి చంటిపిల్లలకూ ఓటుంది, వాళ్లెంత ఉంటే అంత. ఎన్నిక ముందు వారమంతా రెండు వర్గాలవాళ్లూ విందులు పెడతారు. బండారు కామేశం నూటనలభై కిలోలు. ఈ నెల్లో అతని గుమ్మం ముందు చెప్పులు విడవడానికి చోటుండదు.

ఎన్నికకు 19 రోజులు

మేయరక్క కథకు ఎముకలు దొరికాయి.

ఊరు తేలిన ఆరో ఏడు మొదటిసారి నిలబడింది, పడమట. అప్పటికి ఆవిడ చేపలు ఎండేసే ఎండుగడల దగ్గర పనిచేసే మనిషి. ఓడిపోయింది. పదకొండో ఏడు తూర్పున నిలబడి ఐదు గీతలతో గెలిచింది. గెలిచీ గెలవగానే ఊరి కడుగునీళ్లకు పెద్ద కాలవ కట్టించింది. అంతకుముందు గంజీ కుడితీ వీధుల్లోనే పారేవట, విరోచనాలతో ఏటా పిల్లలు పోయేవాళ్లు. కాలవ వచ్చాక ఒక్కరూ పోలేదు. పదహారో ఏడు నాలుగు గీతలు. ఇరవై ఒకటో ఏడు రెండు. ఇరవై ఆరో ఏడు ఒకటి. ఆ మూడుసార్లూ ఎదుటి మనిషి ఒక్కడే, తాళ్లు పేనే కామాడి ఏసుదాసు. కుర్చీలో ఉన్న మేయరుకు వైపు ఎంచుకునే హక్కుంది. ఆవిడ ప్రతిసారీ తూర్పే ఎంచుకుంది.

రాస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. కిందటి ఎన్నికలో నేను బీరువా తలుపు తీసే ముందు రెండు వైపులా చూశాను. పడమటి వీధిలో కాలు పెట్టే చోటు లేదు. తూర్పు వీధిలో పిల్లలు పరుగుపందెం వేసుకుంటున్నారు. అయినా గుండు తూర్పుకే ఒక గీత. కామేశం తూర్పున ఉన్నాడు కదా, అతనే లాగేశాడని అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఒక్క కామేశం అంత లాగుతాడా?

ఎన్నికకు 17 రోజులు

కుతూహలం నాకు జబ్బు. పొద్దున్నే పప్పుగిన్నె చేతబట్టుకుని, అప్పు ఇస్తారా అనే వంకతో ఇరవై మూడు వంటిళ్లు తిరిగాను. ఇరవై మూడు పొయ్యిల కిందా చెక్కముక్కలున్నాయి! అన్నీ తూర్పు కాళ్ల కిందే. మంచాల కిందా ఉన్నాయి. ఒక ముసలావిడ పొయ్యి కింద నాలుగు ముక్కలున్నాయి.

"మా కొంప వాటమే అంతమ్మా," అంది. "మా ఆయన కట్టినప్పుడే వంకరగా కట్టి సచ్చాడు."

ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. మా పొయ్యి వంకర, మా గచ్చు వంకర, మా మేస్త్రి తాగుబోతు. ఎవరి పొయ్యి వాళ్లు సరిచేసుకున్నారు. పక్కింటి పొయ్యి కిందకు వంగి చూసిన మనిషి ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు, నాతో సహా.

ఎన్నికకు 15 రోజులు

ఆదివారం మంచినీళ్లు పంచుతారు. ఊరు ఊరంతా నడిమి చావట్లో ఉంటుంది, అంటే ఎటూ బరువు లేని వేళ. బీరువా తెరవడానికి వీల్లేదు. నా సొంత గుండు నేను కట్టుకోవడానికి ఏ చట్టమూ అడ్డు కాదు. చావడి స్తంభం పైనుంచి పన్నెండడుగుల తాడుకు మా ఇంటి రుబ్బురోలు పొత్రం కట్టి వేలాడదీశాను. పైన స్తంభానికీ తాడుకూ మధ్య జానెడు. ఊరు నిటారుగా ఉంటే కిందా జానెడే ఉండాలి.

జానెడు మీద, బీరువాలో పలక లెక్కన నాలుగు గీతలుంది, తూర్పుకు.

బిందెలతో వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. "గుండు వరాలు రుబ్బురోలుకి ఉరేసింది!" అని ఎవరో అరిచారు. నాకు నవ్వు రాలేదు.

ఎన్నికకు 14 రోజులు

నూకరత్నం మా ఊళ్లో నీళ్లలో మునిగి తెప్పల తాళ్లు చూసే మనిషి. నాకు వరసకు మేనకోడలు. తూర్పు వీధి కిందకు వెళ్లి చూడవే అంటే ముందు మొహం చిట్లించింది.

"అక్కడికెవరెల్తారత్తా? పెద్ద కాలవ నోరు అక్కడే గదా. ఊరి గంజంతా నా నెత్తిన పడద్ది."

"తిరిగొచ్చాక నా సబ్బు మొత్తం నీకే."

వెళ్లింది. చాలాసేపటికి పైకొచ్చి ఒక ముద్ద నా ముందు పడేసింది. బుట్టంత ఆల్చిప్పల గడ్డ.

"ఇది ఓ మూల ముక్క. కింద తెప్పలే కనపడట్లేదు. అంతా చిప్పలే, నా ఎత్తు మందం. పడమటేపు సూత్తే బెత్తెడు కూడా లేవు."

గడ్డను కత్తితో చీల్చింది. లోపల పొరలు కనిపించాయి. ఏడాదికో పొర వేస్తాయని చెప్పింది. ఇద్దరం వేలు పెట్టి లెక్కపెట్టాం. ఇరవై. పెద్ద కాలవ కట్టి ఇరవై ఏళ్లు.

ఊరి పిల్లల్ని బతికించిన కాలవే వాటికి ఇరవై ఏళ్లు తిండి పెట్టింది.

ఎన్నికకు 13 రోజులు

నూకరత్నం కొలిచి చెప్పిన దాన్నిబట్టి ఐదేళ్లకో గీత చొప్పున తూర్పు బరువెక్కింది. వద్దు వద్దనుకుంటూనే తీసివేత వేశాను.

పదకొండో ఏడు ఐదు గీతలు, చిప్పలు లేవు. గెలుపే. పదహారో ఏడు నాలుగులో ఒకటి తీసేస్తే మూడు. గెలుపే. ఇరవై ఒకటో ఏడు రెండులో రెండు పోతే ఏమీ లేదు. ఇరవై ఆరో ఏడు ఒకటి. అందులోంచి మూడు తీసేయాలి.

అంటే రెండు గీతలతో ఏసుదాసు గెలిచాడు. అతను మేయరని మూడువేల మందిలో ఎవరికీ తెలియదు, అతనికి కూడా. ఆ రోజున అరిచి చెప్పింది నేనే.

ఇంకొకటుంది. తూర్పుకు ఏడు గీతలు ఒరిగితే తూర్పు వీధి మీదకు సముద్రం వస్తుందని సింహాద్రి మేస్త్రి పలక మీదే ఎర్రగీత చెక్కాడు. ఊరు ఇప్పటికే నాలుగు మీద ఉంది. ఈసారి మేయరక్కదే గాలి, ఆఖరి పోటీ అని జనం కరిగిపోతున్నారు. మూడు గీతల జనం ఎక్కువ వచ్చి తూర్పున నిలబడితే చాలు. చంటిపిల్లల్ని ఎత్తుకుని అంచుల దాకా నిలబడతారు.

ఎన్నికకు 12 రోజులు

మేయరక్క గుమ్మంలో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. మేయరైనా రొయ్యలు తనే ఒలుచుకుంటుంది. చిప్పల గడ్డ ముందు పెట్టి మొత్తం చెప్పాను. ఆవిడ చేతులు ఆగలేదు. చివరి రొయ్య అయ్యాక చేతులు కడుక్కుంది.

"అయితే ఐదేళ్లుగా ఏసుదాసు కుర్చీలో కూచున్నానా నేను?"

"అవునక్కా."

"ఎన్నికకి ముందే గీకించెయ్యి."

"మునిగేవాళ్లు నలుగురే ఉన్నారు. రెణ్ణెల్లు పడుతుందని నూక అంది. ఎన్నిక వాయిదా వేయడానికి చట్టం లేదు. జనానికి చెప్పేద్దాం."

"చెప్పి?"

"చెప్పి, నాలుగు గీతలు తీసేసి చదువుతాను."

"నువ్వు తీసేసి సదువుతావా? అయిదు తీసేసిందని ఒకడంటాడు, మూడే తియ్యాలని ఇంకోడంటాడు. ఆ గుండును ఎవరూ ముట్టుకోలేదన్న నమ్మకం ఒక్కటే గదే ఈ నలభై తెప్పల్నీ కలిపి ఉంచింది. అది పోతే రేపు ఓడినోడల్లా తాడు కోసుకుని ఎల్లిపోతాడు."

నాకు కోపం వచ్చింది. "నమ్మకం పోతుందని భయమా, పరువు పోతుందనా?" అనేశాను.

మేయరక్క తలెత్తింది. "రెండూనే," అంది. కళ్లనిండా నీళ్లున్నాయి. "ఆ కుర్చీ అంటే నాకు పేణం వరాలూ. అబద్ధం ఎందుకాడాలి? రెండ్రోజులు ఆగు."

ఎన్నికకు 10 రోజులు

వైపు ఎంచుకునే రోజు. చావట్లో అందరి ముందూ మేయరక్క లేచి, "ఈసారి నేను పడమట నిలబడతాను," అని కూర్చుంది.

ఊరు నోరెళ్లబెట్టింది. ఏసుదాసు తాడు పేనుతున్న చేతులు ఆపి, ఆవిణ్ణీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఏంటమ్మా మతలబు? తూర్పంటే నీకు పుట్టిల్లు గదా."

"ఇరవయ్యేళ్లు పొద్దుటెండ నా మొకాన్నే కొట్టింది. ఇప్పుడు నువ్వు కాత్తా తినవయ్యా."

అందరూ నవ్వారు. నాకు అర్థమైంది, చప్పున లెక్క కట్టాను. ఆవిడ జనమంతా పడమటికి పోతే ఊరు నిటారవుతుంది, ఎర్రగీత దగ్గరకే రాదు. కానీ ఆవిడ గెలవాలంటే ఏసుదాసు కన్నా నాలుగు గీతలకు మించి ఎక్కువ లాగాలి. మొదటి గెలుపులో తప్ప ఎప్పుడూ అంత రాలేదు. మూడుసార్లు తనకు కొమ్ముకాసిన బరువును ఆవిడ పట్టుకెళ్లి ఎదుటివాడి ఒళ్లో పెట్టింది.

బయటికొచ్చాక చెయ్యి పట్టుకుని ఆపాను. "కావాలని ఓడిపోతావా?"

"ఛీ, ఓడ్డానికి ఎవరైనా నిలబడతారంటే? గెలుత్తాను. నాలుగు గీతలు దాటి గెలుత్తాను. సూత్తూ ఉండు."

ఎన్నికకు 5 రోజులు

నిజంగానే గెలవడానికి తిరుగుతోంది. అరవైఎనిమిదేళ్ల మనిషి, రోజుకు అరవై ఇళ్లు. పొద్దున పెరుగన్నం, సాయంత్రం చేపల పులుసు, పడమటి వీధిలో పొయ్యిలు ఆరడం లేదు. బాలింతలకు బొబ్బర్లు ఉడికించి పంపుతోంది. కామేశం ఇంటికి మూడుసార్లు వెళ్లింది. మూడోసారి అతను తలుపు తీసి, "అక్కా, నీ ఎంబడే వత్తాను గానీ ఇంక తినలేను, వదిలెయ్యి," అని దణ్ణం పెట్టాడట.

మనసులో ఆవిడే గెలవాలనుంది. గుండు చూసే మనిషికి ఉండకూడని కోరిక. ఇక్కడ రాసుకోవడానికైనా ఉండాలిగా.

ఎన్నిక రోజు

ఈల వేశారు. జనం కదిలారు. ఎటు ఎక్కువో నాకు చూడగానే తెలిసిపోయింది. పడమటి వీధి నిండి, పక్కసందులు నిండి, ఎండుగడల కింద కూడా మనుషులే. తూర్పున మధ్య మధ్య గచ్చు కనిపిస్తోంది. పిల్లలు పుట్టి నెల కాని బాలింతలు కూడా పడమటికే నడిచారు. కాళ్ల కింద ఊరు మెల్లగా వెనక్కి ఒరిగి దాదాపు నిటారైంది. ఐదేళ్లలో మొదటిసారి గచ్చు దాదాపు చదునుగా తగిలింది. అది తెలిసింది నాకూ, నూకరత్నానికీ, మేయరక్కకీ.

లక్క పగలగొట్టి బీరువా తలుపు తీశాను. వంద లెక్కపెట్టాను. గుండు ఆగింది.

తూర్పుకు ఒక గీత.

మళ్లీ చూశాను. వంగి చూశాను. పడమటికి మూడు గీతల జనం ఎక్కువ ఉన్నారు, చిప్పలు నాలుగు లాగాయి. నిజానికి ఆవిడ గెలిచింది. ఊరి పదహారో ఏటి ఎన్నికలో గెలిచినంత బాగా గెలిచింది. మూడువేల మంది నన్నే చూస్తున్నారు. నియమం ప్రకారం పోటీదారులిద్దరూ బీరువాకు చెరోపక్కా వచ్చి నిలబడ్డారు. మేయరక్క పలకను చూసింది. ఆవిడకూ లెక్క వచ్చు.

"అక్కా, చెప్పేస్తాను," అన్నాను మెల్లగా.

"పలక మీద ఏవుందో అదే సెప్పవే."

"మూడు..."

"నిన్ను అడిగింది పలక సంగతి." నా భుజం మీద చెయ్యి వేసింది. "పోయినసారీ అదే సెప్పావు గదా. అప్పుడు లేని నొప్పి ఇప్పుడెందుకు?"

చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు గానీ తూర్పు వీధి విన్నది. ఒక్కసారిగా కేక లేచింది. ఏసుదాసు నమ్మలేక పలక మీదకు వంగాడు. లేచి మేయరక్క వైపు తిరిగి, తలపాగా తీసేశాడు.

"అమ్మా, నాకేదో తేడాగా ఉంది. జనం నీ కాడే ఉన్నారు. నా కళ్లకి కనపడతంది."

"నీ కళ్లకి పోయినసారి కూడా కనపడే ఉంటది," అంది మేయరక్క. "అప్పుడు నోరు మూసుకుని ఇంటికి పోయావు. ఇప్పుడు నోరు మూసుకుని కుర్చీ ఎక్కు. మొదటి పని పెద్ద కాలవ మూతి దూరంగా లాగించు. రెండోది, నూకకి ఇంకో పదిమందినిచ్చి తూర్పు కింద గీకించు. నేను సెయ్యాల్సిన పనే, ఆలస్యం చేశాను."

అతను ఆవిడ కాళ్లకు వంగాడు. ఆవిడ లేవదీసి, జనం లోంచి పడమటికి నడిచి వెళ్లిపోయింది. నేను బీరువా తలుపు వేసి, దాని వెనక్కి వెళ్లి ఏడ్చాను.

ఎన్నికయ్యాక రెండో రోజు

ప్రమాణం అయిపోయింది. కథ చదవమని ఎవరూ అడగలేదు. ఓడినవాళ్లదెవరు వింటారు, ఆవిడ ముందే చెప్పింది. కానీ ఊరి చరిత్ర పుస్తకంలో ప్రతి మేయరుకూ ఒక పేజీ ఉంటుంది. దాన్ని ముగించడం నా పని. పుస్తకం పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లాను.

ఎండుగడల దగ్గర చేపలు తిరగేస్తోంది. మేయరు కాకముందు చేసిన పని.

"చివరి ఎన్నిక ఎలా రాయనక్కా?"

"ఓడిపోయిందని రాయి."

"ఎందుకో?"

"ఎందుకో రాయొద్దు. రాత్తే ఏసుదాసు దొంగ మేయరైపోతాడు. ఐదేళ్లు తెలీకుండా నేను మోసిన ఆ పేరు ఆడు మొయ్యక్కర్లేదు. ఇద్దరికీ చెల్లు. రాయొద్దు, నీకు మేయరుగా చెబుతున్నా."

సరేనని వచ్చేశాను. పేజీ మీద 'లోవకుమారి, ముప్పై ఒకటో ఏడు, పడమర, ఒక గీతతో ఓటమి' అని రాశాను. సిరా ఆరేదాకా చూస్తూ కూర్చున్నాను. నా తర్వాత ఈ గుండు చూసే మనిషి ఎవరో. ఏ మూలో మళ్లీ ఏదో పెరుగుతుంది, ఇంటింటా చెక్కముక్కలు వస్తాయి, ఎవరి పొయ్యి వాళ్లు సరిచేసుకుంటారు, ఆ మనిషి గీత చూసి నాలాగే అరిచి చెబుతుంది. ఆమెకు ఎవరు చెబుతారు?

కలం మళ్లీ తీశాను. గెలిచిన నాలుగు ఎన్నికలూ, వాటి తీసివేతలూ, ఈ చివరిది ఎలా ఓడిపోయిందో, ఎవరి కోసం ఏ వైపు ఎంచుకుందో, అన్నీ అదే పేజీలో రాశాను. చోటు చాలక అంచుల్లో కూడా రాశాను. రాయొద్దని మేయరుగా చెబుతున్నానంది. ఆవిడ ఇప్పుడు మేయరు కాదు కదా.